అయోడిన్ తాగిన నెల

నేను చిక్కిపోతున్నానని ముందుగా కనిపెట్టింది మా అత్తగారు. దానికి కారణం నా ఉద్యోగమేనని తీర్పు చెప్పిందీ ఆవిడే.

తొంభైల చివరి మాట. మాదాపూర్ వైపు ఇంకా కొండలు పేలుస్తూ అద్దాల భవనాలు లేపుతున్న రోజులు. వాటికి కాస్త ఇవతల ఒక అద్దె బిల్డింగులో మా ఆఫీసు. అమెరికాలో డాక్టర్లు రోగుల గురించి రికార్డు చేసి పంపిన మాటల్ని హెడ్‌ఫోన్లలో విని, టైపు చేసి తిరిగి పంపడం మా పని. కాలి కింద ఒక పెడల్ ఉండేది. తొక్కితే మాట నడుస్తుంది, వదిలితే ఆగుతుంది. మదీనాగూడలో సెవెన్ సీటర్ ఆటో ఎక్కి, పదిమంది మధ్య ఇరుక్కుని, కొండాపూర్ మీదుగా ఆ దుమ్ములో పడి వెళ్ళి వచ్చేదాన్ని. ఊరికే వెళ్ళలేదు. జీతానికి వెళ్ళాను, ఆ జీతం నాకు ఇష్టం కనక వెళ్ళాను. ఈ రెండో కారణం చెబితే మా ఇంట్లో ఎవరికీ నచ్చేది కాదు, అందుకే తరచుగా చెప్పేదాన్ని.

ఆ ఏడాది నాకు ఒళ్ళు వశంలో లేకుండా పోయింది. రెండు కంచాలు లాగించినా గంటలో ఆకలి. జాకెట్లన్నీ వదులైపోయాయి. డిసెంబరులో కూడా ఫ్యాను కావాలని గొడవ. వేళ్ళు వణికి, టైపు చేస్తుంటే ఒక అక్షరం రెండుసార్లు పడేది. కొండ పేల్చినప్పుడు ఆఫీసు కిటికీలు అదిరేవి. ఆ అదురు ఆగిపోయాక కూడా నా గుండె మాత్రం దడదడా కొట్టుకుంటూనే ఉండేది.

"ఉద్యోగం మనిషిని తినేస్తోంది. మానెయ్యమను," అని అత్తగారు మా ఆయనతో అనేవారు. నేను ఎదురుగా ఉండగానే ఆయనతో అనడం ఆవిడ పద్ధతి. మా ఆయన ప్రభుత్వాఫీసులో గుమాస్తా. ఎవరేమన్నా తలూపి ఫైలు పక్కన పెట్టినట్టు పక్కన పెట్టేవారు. పనిచేసే ఆడదానికి ఏ రోగం వచ్చినా పనే కారణం. అదే మగవాడికి వస్తే వాతావరణం బాగాలేదంటారు.

అసలు సంగతి బయటపెట్టింది మా ఇంటి ఓనరమ్మ. ఆవిడ మదీనాగూడలో పుట్టి, మదీనాగూడలోనే పెళ్ళాడి, ముందు వైపు బర్రెలూ వెనక వైపు మాలాంటి కిరాయివాళ్ళనూ పెట్టుకుని ఉండేది. ఒకరోజు ఆఫీసు నుంచి వచ్చి చెంబెత్తి గటగటా నీళ్ళు తాగుతుంటే ఆవిడ నా మొహంలోకి కాదు, మెడలోకి చూసింది.

"ఏంది బిడ్డా, గొంతుల గా గడ్డ? నీళ్ళు మింగుతుంటె పైకి కిందికి ఊగుతుంది."

"గడ్డా? ఎక్కడ పెద్దమ్మా?"

"నీ గొంతు నువ్వు సూసుకోవా ఏంది? జర అద్దంల సూడు. రేపే దవాఖానకు పో, ఇగ లేటు చెయ్యకు."

అద్దంలో చూసుకుంటే, నిజమే, ఎడమ పక్క ఉసిరికాయంత గడ్డ. రోజంతా ఎవరెవరి గొంతులో గడ్డల గురించో టైపు చేస్తాను. నా గొంతు నేను చూసుకోలేదు. ఆ మాటలన్నీ నాకు తప్పు లేకుండా రాయడమే తెలుసు, అవి మనిషిని ఏం చేస్తాయో తెలియదు.

రక్తపరీక్ష, స్కాను అయ్యాక డాక్టరు గదిలో కూర్చున్నాం. పెద్దాయన, తెల్ల మీసాలు, విసుగు మొహం. స్కాను ఫోటో పట్టుకుని మా ఆయనకు చెప్పడం మొదలుపెట్టాడు: "మీ మిసెస్‌కి..."

"గొంతు నాదండీ. నాకు చెప్పండి," అన్నాను.

మా ఆయన నా మోచెయ్యి నొక్కారు. డాక్టరు కళ్ళజోడు పైనుంచి ఒకసారి చూసి, కుర్చీ నావైపు తిప్పుకున్నాడు. ఆ ఒక్క పనికి ఆయనమీద నాకు సగం గౌరవం కలిగింది.

థైరాయిడ్ గ్రంథికి పైనుంచి ఎంత పని చెయ్యాలో ఆజ్ఞలు వస్తాయట. నా గ్రంథిలో ఈ ఒక్క గడ్డ ఆ ఆజ్ఞలు వినడం మానేసి తనిష్టం వచ్చినట్టు హార్మోను తయారుచేస్తోంది. అది అంత చేస్తుంటే ఇక మనకేం పనని మిగతా గ్రంథి పడుకుంది. ఫోటోలో నల్లగా కనిపించేది గడ్డ; గ్రంథి ఉండాల్సిన మిగతా చోటంతా దాదాపు ఖాళీ.

"క్యాన్సరు కాదు. కానీ ఎవరి మాటా వినదు," అన్నాడు డాక్టరు.

"మనిషిని బట్టే గడ్డ," అని మా ఆయన గొణిగారు. మా కాపురంలో ఆయన వేసిన జోకుల్లో నాకు నవ్వొచ్చింది అదొక్కటే.

తర్వాత డాక్టరు నయం చేసే దారులు చెప్పాడు. మాత్రలు వేసుకుంటే అదుపులో ఉంటుంది, మానితే మళ్ళీ మొదటికొస్తుంది. ఆపరేషను చేసి గడ్డ ఉన్న సగం గ్రంథిని తీసేస్తే ఒకేసారి పీడ వదులుతుంది. మెడ మీద గీత పడుతుంది, మాటకు సంబంధించిన నరం ఆ పక్కనుంచే పోతుంది కాబట్టి ఎప్పుడో ఒకరికి గొంతు బొంగురుపోతుంది. మూడోది రేడియో అయోడిన్. నీళ్ళలాంటి మందు, ఒక్క గుక్క. థైరాయిడ్‌కు అయోడిన్ అంటే దాహం. మేలుకుని ఉన్న గడ్డే అదంతా పీల్చుకుని లోపల్లోపల కాలిపోతుంది, పడుకున్న భాగం చాలావరకు తప్పించుకుంటుంది. కోత లేదు. కానీ గుణం కనిపించడానికి నెలలు పడుతుంది, మున్ముందు ఎప్పుడైనా గ్రంథి మందగించవచ్చు, పరీక్షలు వదలకూడదు.

"గడ్డలోకి సూదితో ఆల్కహాలు ఎక్కించడం కూడా ఉందట కదండీ?" అన్నాను. ఆఫీసులో ఒకసారి టైపు చేశాను.

"ఉంది. కొన్ని దేశాల్లో చేస్తున్నారు. స్కానులో చూస్తూ గుచ్చాలి, చాలాసార్లు గుచ్చాలి, నొప్పి. నాకు అలవాటు లేదు. రాని పని నీ గొంతు మీద నేర్చుకోమంటావా?"

మిగతా సగం గౌరవం అప్పుడు కలిగింది.

"ఆపరేషనే నయం. వారంలో తేలిపోతుంది," అన్నారు మా ఆయన.

"నాకు అయోడిన్ ఇవ్వండి," అన్నాను.

నేను కత్తికి భయపడలేదు. పిల్లను కన్నప్పుడు చూశాను కత్తిని. కానీ మా ఇంట్లో నాకంటూ ఉన్న ఆస్తి నోరొక్కటే. ఎప్పుడో ఒకరికి పోతుందన్నాడే, ఆ ఒకరు నేనైతే? మరో దారి ఉండగా నా మాటను పందెంలో పెట్టే హక్కు మా ఆయనకు లేదు, ఎవరికీ లేదు.

డాక్టరు రెండు సంగతులు అడిగాడు. కడుపుతో లేనని తేలాలి కనుక, బహిష్టు వచ్చిన వెంటనే ఫోను చేసి రమ్మన్నాడు. రెండోది, ఇంట్లో చిన్నపిల్లలున్నారా అని. మా అమ్మాయికి మూడేళ్ళు.

"మందు తాగాక నీ ఒంట్లోంచి కొన్నాళ్ళు కిరణాలు వస్తాయి. పెద్దవాళ్ళకు దూరంగా ఉంటే చాలు, చిన్నపిల్లలకు మంచివి కావు. రెండు వారాలు పిల్లను ఎత్తుకోకూడదు, పక్కలో వేసుకోకూడదు. నీ కంచం, గ్లాసు, బట్టలు వేరు. పిల్లను చూసుకునే మనిషి లేకపోతే ఈ మందు నేనివ్వను. ఆపరేషనుకే వెళ్ళు."

ఆ మనిషి మా అత్తగారు. అక్కడే చిక్కొచ్చింది.

మామగారు పోయాక ఆవిడ గుంటూరు జిల్లా నుంచి మా దగ్గరికి వచ్చేశారు. వచ్చిన మొదటి నెలే మా ఇద్దరికీ యుద్ధం. ఆ మూడు రోజులూ వెనక సామాన్ల గదిలో ఎడంగా కూర్చోమన్నారు. చాప, కంచం, గ్లాసు విడిగా పెట్టారు. నేను ఆ చాప చుట్టి మూల నిలబెట్టి, వంటింట్లోకి వెళ్ళి పప్పు తాలింపు వేశాను. ఆవిడ ఆ పప్పు ముట్టలేదు. అప్పట్నుంచి నెలకు మూడు రోజులు మా ఇంట్లో రెండు పొయ్యిలు: వంటింట్లో నా గ్యాసు, వరండాలో ఆవిడ కిరసనాయిలు స్టవ్వు. మా ఆయన రెండు చోట్లా తినేవారు. గొడ్డుచాకిరీ అయినా చేస్తాను గానీ కారణం చెప్పకుండా మూల కూర్చోమంటే కూర్చోను. నా గుణం అంతే.

ఇప్పుడు నేనే వెళ్ళి ఆవిడ ముందు నిలబడ్డాను. నన్ను రెండు వారాలు ఎడంగా కూర్చోబెట్టండి, పిల్లను చూసుకోండి అని నా నోటితో నేను అడిగాను. అంత అవమానం నేనెప్పుడూ పడలేదు.

ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతున్నారు. చాటలోంచి తలెత్తలేదు.

"మూడు రోజులు కూర్చోలేని దానివి, రెండు వారాలు కూర్చుంటావా?"

"డాక్టరు చెప్పారండీ."

"డాక్టరు చెప్తే కూర్చుంటావు, అత్త చెప్తే కూర్చోవు. సరే. పిల్లను చూస్తాను. కానీ ఒక మాటియ్యి. ఆ తర్వాత నెలనెలా ఆ మూడు రోజులు కూడా ఆ గదిలోనే ఉండాలి. వంటిల్లు ముట్టకూడదు."

నా గొంతు మీదికి కత్తి రాకుండా ఉండాలంటే నేను ఇవ్వాల్సిన వెల అది. ఒప్పుకుంటే ఏం పోతుంది, తర్వాత ఎగ్గొట్టొచ్చని మా ఆయన చాటుగా సలహా ఇచ్చారు. ఆయన జీవితమంతా అలాగే గడిచింది. నేను మాటిస్తే నిలబడతాను, కాబట్టే ఇవ్వలేదు.

"ఇవ్వనండీ," అన్నాను.

"అయితే కోయించుకో," అన్నారు ఆవిడ.

ఆ సాయంత్రం ఓనరమ్మ దగ్గర పాలు పోయించుకుంటూ ఏడ్చాను. బాధతో కాదు, కోపంతో. సంగతంతా చెప్పాను. ఆవిడ బర్రె వీపు మీద ఒక చరుపు చరిచి, "గింత దానికి పరేషాన్ ఎందుకు? పోరిని నాకియ్యి. నా ఇంట్ల ఉంటది, నాతోని తింటది, నాతోని పంటది. గీ ముసల్దానికి గంతకన్న ఏం పనుంది?" అంది. మా గుమ్మంలోకి వినపడేలాగే అంది.

వినపడింది. మా అత్తగారు రాత్రి అన్నాల దగ్గర మా ఆయనతో అన్నారు: "మన పిల్ల ఊళ్ళోవాళ్ళింట్లో తిని పడుకుంటుందిట. నేను చచ్చాననుకుంటున్నారా?" మజ్జిగ పోసుకుంటూ, "పిల్లను నేనే చూస్తాను," అన్నారు.

"మరి షరతు?" అన్నారు మా ఆయన. ఊరుకోవచ్చు కదా!

"షరతు షరతే. దాని సంగతి తర్వాత తేలుస్తాను."

బహిష్టు వచ్చిన రోజు పొద్దున్నే ఓనరమ్మ ఇంటి నుంచి ఆస్పత్రికి ఫోను చేసి చెప్పాను. ఇంట్లో గుసగుసగా కూడా చెప్పుకోకూడని ఆ సంగతిని అవతలి నర్సు తేదీ వేసి రాసుకుని, "చాలా మంచిదమ్మా, రేపు రండి" అంది. పెళ్ళయ్యాక ఆ కబురుకు మంచిదన్న వాళ్ళలో ఆ అమ్మాయే మొదలు.

సీసంతో చేసిన బరువైన డబ్బా, అందులో చిన్న సీసా, ఒక స్ట్రా. ఇంత హడావుడికీ మందు రుచి ఉత్త నీళ్ళు. నేను తాగుతుంటే నర్సూ, మా ఆయనా గుమ్మం అవతల నిలబడ్డారు. తిరిగి వచ్చేటప్పుడు నేను ఆటోలో ఒక్కదాన్నే, ఆయన వెనక స్కూటరు మీద. నేరుగా పెరటి దారినే వెళ్ళి సామాన్ల గదిలో కూర్చున్నాను. ఆ చాప నా కోసమే పరిచి ఉంది.

ఎడంగా కూర్చోబెట్టడంలో మా అత్తగారు ఆరితేరిన మనిషి. కంచం ఎక్కడ పెట్టాలి, ఎంత వెనక్కి తగ్గాలి, ఎంగిలి గిన్నె మీద నీళ్ళు ఎంత ఎత్తు నుంచి పోయాలి, అన్నీ వెన్నతో పెట్టిన విద్య. డాక్టరు చెప్పినవన్నీ చేశారు, చెప్పనివి కూడా చేశారు. గుమ్మంలో పసుపు నీళ్ళు చల్లుతుంటే లోపల్నుంచి అరిచాను: "అత్తయ్యా, ఇది పసుపుకు పోదండీ. రోజులు గడిస్తేనే పోతుంది."

"నోరు మాత్రం కాలలేదు," అన్నారు, చల్లడం ఆపకుండా.

అవన్నీ భరించాను. భరించలేనిది ఒక్కటే, నా కూతురు. మొదటి రెండు రోజులూ తలుపు అవతల కూర్చుని "అమ్మా, తలుపు తియ్యి" అని ఏడ్చింది. తర్వాత ఏడుపు మానేసి తలుపు కింది సందులోంచి వేళ్ళు దూర్చేది. నాలుగు చిన్న వేళ్ళు లోపలికొచ్చి నేలను తడిమేవి. నేను వెనక గోడకు ఆనుకుని కూర్చుని చూసేదాన్ని. పుట్టి బుద్ధెరిగాక కట్టుబాటన్నది కనబడితే తెంపడమే తెలుసు నాకు. ఆ రెండు వారాలు మాత్రం నా చేతుల్ని నా ఒళ్ళో నేనే బిగించి పట్టుకున్నాను. ఎవరూ కాపలా లేరు. గడియ నా వైపే ఉంది.

ఒక మధ్యాహ్నం పిల్ల నిద్రపోయింది. నేను కిటికీ దగ్గర ఉన్నాను. అత్తగారు పెరట్లో, డాక్టరు చెప్పినంత దూరంలో, పీట వేసుకుని మునగాకు దూస్తున్నారు. నావైపు చూడకుండానే మాట మొదలుపెట్టారు.

"వీడు కూడా అట్లాగే వేళ్ళు పెట్టేవాడు."

"ఎవరండీ?"

"నీ మొగుడు. మా అత్తగారు నన్ను గొడ్ల సావిట్లో కూర్చోబెట్టేది. అక్కడ తలుపు లేదు, తడిక. తడికలోంచి వేళ్ళు పెట్టేవాడు. ఒకసారి వాడికి జ్వరం. ఒళ్ళు కాలిపోతోందని పనిమనిషి చెప్పింది. ముట్టుకోనివ్వలేదు. మూడో రోజు స్నానం చేసి వెళ్ళేసరికి వాడు నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు."

మునగాకు దూసే చెయ్యి ఆగలేదు.

"నీకు ఎందుకు కూర్చోవాలో చెప్పారు. ఎన్నాళ్ళో చెప్పారు. నాకెవరు చెప్పారే? అడిగితే చెంప పగిలేది."

అత్తా ఒకింటి కోడలేనని చిన్నప్పట్నుంచీ వింటున్నాను. విన్నప్పుడల్లా అదేదో అత్తలను వెనకేసుకొచ్చే మాట అనిపించేది. ఆ రోజు ఆవిడమీద జాలి కలిగింది. జాలి వెనకే కోపం వచ్చింది, ఎప్పుడూ లేనంత కోపం.

"అంత తెలిసినవారు నాకెందుకు పెట్టారండీ ఆ షరతు?"

ఆవిడ అప్పుడు తలెత్తారు.

"కడుపుమంట. నేను పడ్డాను, ఇది పడకుండా ఎట్లా పోతుంది అని," అన్నారు. సిగ్గుపడకుండా, గొంతు తగ్గించకుండా అన్నారు. తర్వాత మునగాకు గిన్నె ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయారు. అంత నిజం నా మొహమ్మీద ఎవరూ చెప్పలేదు, మా అమ్మ కూడా. అయినా ఆవిడను ఆ రోజు నేను క్షమించలేదు. క్షమించాలని కూడా అనిపించలేదు.

రెండు వారాలు గడిచాక పొద్దున్నే తలుపు తీశాను. పిల్ల నావైపు అనుమానంగా చూసి, నానమ్మ కొంగు వెనక దాక్కుంది. నా ప్రాణం పోయినంత పనైంది. అత్తగారు దాన్ని కొంగులోంచి లాగి, రెండు చేతులతో ఎత్తి నా ఒళ్ళో కుదేశారు. "వెళ్ళవే, అమ్మే. రోగం పోయింది," అన్నారు. తలస్నానం చేశావా అని అడగలేదు. పిల్ల నా మెడ పట్టుకుని, మళ్ళీ మధ్యాహ్నం దాకా వదల్లేదు.

తర్వాత నెలల్లో చేతి వణుకు తగ్గింది, జాకెట్లు మళ్ళీ ఒంటికి పట్టడం మొదలైంది. ఆఫీసుకు వెళుతూనే ఉన్నాను. ఉద్యోగం తినేస్తోందన్న మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. వేసవి మొదట్లో స్కాను చూసి, గడ్డ చల్లారింది, పడుకున్న గ్రంథి లేస్తోంది, ఇక కత్తి అక్కర్లేదు అన్నాడు డాక్టరు. ఈసారి మా ఆయన వైపు చూడను కూడా చూడలేదు, నాకే చెప్పాడు.

షరతు మాత్రం మా ఇద్దరి మధ్యా అలాగే ఉంది. ఆవిడ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నెలనెలా నేను వంటింట్లో వండుతూనే ఉన్నాను, వరండాలో ఆవిడ స్టవ్వు వెలుగుతూనే ఉంది. తర్వాత తేలుస్తానన్నారు కదా, ఎప్పుడు తేలుస్తారో చూద్దామని నడుం బిగించి ఎదురుచూశాను.

మే నెలలో ఆవకాయ పెట్టే రోజు వచ్చింది. గుంటూరు మనిషికి ఆవకాయంటే ఏడాది పరువు. ఆ మూడు రోజుల్లో ఉన్న ఆడది దాని నీడకు కూడా రాకూడదు. ఊళ్ళో అయితే వీధి చివరికి పంపించేస్తారు. సరిగ్గా నాకు అది రెండో రోజు. పిల్లను తీసుకుని గుమ్మంలో కూర్చున్నాను, ఇవాళ గొడవ తప్పదని.

అత్తగారు పెద్ద బేసిన్‌లో ముక్కలు పోశారు, కారం, ఆవపిండి, ఉప్పు వేశారు, నూనె పోశారు. కలపబోయి భుజం పట్టుకున్నారు. మళ్ళీ ప్రయత్నించారు. తర్వాత నావైపు తిరిగారు.

"అమ్మాయ్, ఇట్లా రా. కలుపు."

"ఇవాళ నాకు రెండో రోజండీ."

"నాకు కళ్ళు లేవా? చేతులు కడుక్కుని, తడి లేకుండా తుడుచుకుని రా. తడి తగిలితే బూజు పడుతుంది."

ఫలానాది తగలకూడదని ఆవిడ అనడం వెయ్యిసార్లు విన్నాను. ఎందుకో చెప్పడం అదే మొదటిసారి. కొత్త తువ్వాలుతో వేలు వేలు తుడుచుకుని, బేసిన్ ముందు కూర్చుని, రెండు చేతులూ మోచేతుల దాకా దించి కలిపాను. పక్కనే ఆవిడ పీట వేసుకుని, ఉప్పు చాలిందో లేదో చూడటానికి, నా చేతి కింది ముక్క ఒకటి తీసుకుని నోట్లో వేసుకున్నారు.